58 మంది పిల్లలున్న సర్కారు బడి: పెత్తనం ఎవరిది, డబ్బు ఎంత వస్తుంది, చదువు ఎలా ఉందో తేల్చేదెలా? (ఒడిశా, రాయగడ జిల్లా)

ప్రశ్న: గుణుపురం_గట్టు

అందరికీ నమస్కారమండీ. గుణుపురం దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ ప్రాథమిక బడి ఉంది. 1 నుంచి 5 దాకా తరగతులు, 58 మంది పిల్లలు, ఇద్దరు మాస్టార్లు. పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. మిగతావాళ్లవి సవర, ఒడియా ఇళ్లు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ కొత్తగా వేశారు. సభ్యులంతా కొత్తవాళ్లే. సంతకం పెట్టమన్న చోట పెట్టడం తప్ప తమ చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు.

ఈ బడి మీద అసలు మాట చెల్లేది ఎవరికి? ఏడాదికి డబ్బు ఎంత రావాలి, ఏ దారిన వస్తుంది? మూడో మాస్టారు రావాలంటే, తెలుగు చెప్పేవారు కావాలంటే ఏం చెయ్యాలి? పిల్లలకు చదువు వస్తోందో లేదో కమిటీ సొంతంగా తెలుసుకునే పద్ధతి ఏమైనా ఉందా? తెలిసినవారు వివరంగా రాయండి. కమిటీలో చదివి వినిపిస్తాం.

జవాబు 1: వంశధార_ఒడ్డు

ముందు ఆ బడి ఏ శాఖ కిందిదో చూడండి. మన జిల్లాల్లో జనం ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒడిశాలో మామూలు సర్కారు బడులు పాఠశాల, సామూహిక విద్యా శాఖవి. వాటికి పైన క్లస్టర్ కోఆర్డినేటర్, ఆపైన బ్లాకులో బీఈఓ (బ్లాకు విద్యాధికారి), జిల్లాలో డీఈఓ (జిల్లా విద్యాధికారి). సేవాశ్రమాలు, ఆశ్రమ పాఠశాలలు మాత్రం ఎస్‌టీ, ఎస్‌సీ అభివృద్ధి శాఖవి. అక్కడ బ్లాకులో డబ్ల్యూఈఓని (సంక్షేమ విస్తరణాధికారిని), జిల్లాలో డీడబ్ల్యూఓని (జిల్లా సంక్షేమాధికారిని) కలవాలి. శాఖ తప్పి ఇచ్చిన అర్జీ నెలల తరబడి ఆ బల్ల మీదా ఈ బల్ల మీదా తిరుగుతుంది. కాబట్టి దేశంలో ప్రతి బడికీ విడిగా ఉండే 11 అంకెల యూడైస్ కోడ్ మీ బడి గోడ మీద నుంచి రాసుకుని, ప్రతి అర్జీలోనూ మొదటి వరుసలో వెయ్యండి.

అమెరికాలోలాగా బడికి ఎన్నికైన బోర్డు, సొంత పన్ను మన దగ్గర లేవు. మాస్టార్లను వేసేదీ బదిలీ చేసేదీ జీతమిచ్చేదీ రాష్ట్ర ప్రభుత్వమే. అంతమాత్రాన కమిటీ చేతులు కట్టేసినట్టు కాదు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలి. బడి నడక చూడడం, వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యడం, ఈ మూడూ చట్టం కమిటీకి అప్పగించిన పనులు. సెక్షన్ 22 ఈ ప్రణాళికనే పై నుంచి వచ్చే నిధులకు ఆధారంగా తీసుకోవాలంటుంది. అందుకే దాన్ని ఎవరో నింపి తెచ్చిన కాగితంగా వదిలెయ్యకండి. తరగతివారీగా వచ్చే మూడేళ్లకు పిల్లలు ఎంతమంది, మాస్టార్లు ఎంతమంది కావాలి, గదులు, మరుగుదొడ్లు, నీళ్లు, వాటికయ్యే ఖర్చు, ఇవన్నీ అందులో అంకెల్లో ఉండాలి. డిసెంబరు లోపల రాసి, అధ్యక్షురాలి సంతకంతో ఇచ్చి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి.

రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) ఇక్కడ సామాజిక రంగాల సంస్థల మీద, సిబ్బంది మీద గ్రామసభకూ పంచాయతీలకూ అదుపు ఉండాలంటుంది. పల్లిసభలో (ఊరి ఓటర్ల సభలో) బడి గురించి ఒక తీర్మానం రాయించి జతచేస్తే, అదే అర్జీకి బరువు వేరు.

జవాబు 2: పద్దుల_పుస్తకం

డబ్బు సంగతి నేను రాస్తాను.

సమగ్ర శిక్ష పథకంలో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. బడికి నేరుగా ముట్టేది కాంపోజిట్ గ్రాంటు. 30 మంది పిల్లల దాకా ఏడాదికి రూ.10,000, 31 నుంచి 100 దాకా రూ.25,000, 101 నుంచి 250 దాకా రూ.50,000. మీ 58 మందికి రూ.25,000 అన్నమాట. ఇందులో పదో వంతు, అంటే రూ.2,500 పారిశుద్ధ్యానికే. మిగిలిన రూ.22,500లో కరెంటు బిల్లు, సుద్దముక్కలు, బోర్డు రంగు, చిన్న రిపేర్లు, బోధన సామగ్రి. ఇవికాక ప్రాథమిక బడికి లైబ్రరీ కింద రూ.5,000 దాకా, ఆటసామానుకు రూ.5,000 దాకా విడిగా ఉంటాయి.

2021 తర్వాత పద్ధతి మారింది. డబ్బు బడి ఖాతాలో నిలవ ఉండదు. రాష్ట్రస్థాయి ఖాతాలో ఉంటుంది, బడికి జీరో బ్యాలెన్స్ ఖాతా, ఇంత ఖర్చుపెట్టుకోవచ్చని ఒక పరిమితి ఉంటాయి. పాస్‌బుక్కులో సున్నా చూసి డబ్బు రాలేదని వెనక్కి వచ్చేస్తారు చాలామంది. చూడాల్సింది పీఎఫ్‌ఎంఎస్‌లో (సర్కారు చెల్లింపుల కంప్యూటరు వ్యవస్థలో) పడిన పరిమితి. హెడ్‌మాస్టారిని ఆ పేజీ ప్రింటు తీసి సమావేశంలో పెట్టమనండి. మార్చి 31కి వాడని పరిమితి పోతుంది. వెనక్కి పోయే డబ్బులో చాలాభాగం ఎవరో తిన్నది కాదు, ఆలస్యంగా మొదలెట్టి దుకాణదారు ఖాతా నంబరో ఐఎఫ్‌ఎస్‌సీ కోడో తప్పు పడి ఆగిపోయింది. జనవరి కల్లా కొటేషన్లు, ఫిబ్రవరిలో చెల్లింపు. అంతకన్నా సాగదియ్యొద్దు.

మరుగుదొడ్డి, నీళ్ల పైపు లాంటివి ఈ 25 వేలలో తెమలవు. వాటికి పంచాయతీ దగ్గరకే వెళ్లాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. బడి కుళాయి, బడి మరుగుదొడ్డి ఆ పద్దులో చక్కగా ఇముడుతాయి. పంచాయతీ ప్రణాళిక కసరత్తు అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. అప్పుడే పల్లిసభలో పేరు ఎక్కించాలి, తర్వాత సర్పంచిని ఎంత బతిమాలినా పద్దు దొరకదు.

జవాబు 3: దాల్మా_గిన్నె

మధ్యాహ్న భోజనం గురించి ఎవరూ రాయలేదు. రోజూ తూకంతో పట్టుకోగలిగినది ఇదొక్కటే.

ప్రాథమిక తరగతుల్లో పిల్లాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. 50 మంది వచ్చిన రోజున బియ్యం 5 కిలోలు, పప్పు కిలో, కూరలు రెండున్నర కిలోలు, నూనె పావు కిలో. బియ్యం ఉచితం. వంట ఖర్చు కేంద్రం లెక్కన 2025 మే 1 నుంచి తలకు రూ.6.78, అంటే 50 మందికి రూ.339. ఒడిశాలో పెట్టే గుడ్డు దీనికి అదనం. 26 నుంచి 100 మంది పిల్లలకు వంటవాళ్లు ఇద్దరు ఉండాలి.

కమిటీ తల్లులు ఇద్దరు వంతులవారీగా వెళ్లి మూడు పనులు చేస్తే చాలు. బియ్యం బస్తా దిగిన రోజునే కాటా వెయ్యాలి, 50 కిలోలని రాసి ఉన్నంత మాత్రాన 50 ఉండదు, తరుగు ఎంతో రిజిస్టరులో అదేరోజు రాయించాలి. గంట కొట్టాక కంచాలు లెక్కపెట్టి హాజరుపట్టీతో పోల్చాలి. పప్పు గిన్నెలో గరిటె అడుగుదాకా దించి తియ్యాలి. కిలో పప్పు 50 మందికి పోసిన గిన్నెలో గరిటెకు పప్పు తగలాలి. పసుపు నీళ్లే వస్తున్నాయంటే పప్పు సగం కూడా పడలేదు.

అంత మాత్రాన వంట చేసే సంఘం ఆడవాళ్ల మీద విరుచుకుపడకండి. వాళ్లకు బిల్లు నెలల తరబడి రాక, కిరాణాకొట్టులో అప్పు పెరిగి పప్పు తగ్గుతుంది. బిల్లు ఏ నెల దాకా వచ్చిందో ముందు అడగండి. వంట జరగని రోజులకు 2015 మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం బియ్యం, వంట ఖర్చు కలిపి ఆహార భద్రతా భత్యంగా తర్వాతి నెల 15 లోపల పిల్లలకివ్వాలి. వరసగా మూడు బడి దినాలు గానీ, నెలలో ఐదు రోజులు గానీ పొయ్యి వెలగకపోతే బాధ్యులెవరో రాష్ట్రం తేల్చాలి. వంట ఆగిన తేదీలు మినిట్స్ పుస్తకంలో ఉంటేనే అది అడగగలరు.

గుణుపురం_గట్టు

చాలా ఉపయోగమండీ, మూడో మాస్టారు సంగతి కూడా ఎవరైనా చెప్పండి. 58 దగ్గర ఆగిపోయాం. ఊళ్లో పిల్లలు కొందరు ఆంధ్రాలో పాతపట్నం వైపు చుట్టాలిళ్లలో ఉండి చదివేవారు, ఇప్పుడు తిరిగొచ్చి మా బడికే వస్తున్నారు గానీ పేర్లు ఎక్కడం లేదు.

జవాబు 4: వంశధార_ఒడ్డు

మీ సమస్యంతా ఆ పేర్లలోనే ఉంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో 60 మంది పిల్లల దాకా ఇద్దరు మాస్టార్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. తిరిగొచ్చిన ఆ పిల్లలు ముగ్గురైనా ఎక్కితే మూడో మాస్టారిని హక్కుగా అడగొచ్చు.

పేర్లు ఎక్కకపోవడానికి కారణం ఇది. ఇప్పుడు యూడైస్ ప్లస్‌లో (బడుల వివరాలు ఎక్కించే కేంద్ర పోర్టల్‌లో) ప్రతి పిల్లాడికీ శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది, పెన్ అంటారు. ఆంధ్రాలోని పాత బడి తన జాబితాలోంచి పిల్లాడిని డ్రాప్‌బాక్సులోకి (బడి మారే పిల్లల జాబితాలోకి) వదిలితే తప్ప ఇక్కడి హెడ్‌మాస్టారు దించుకోలేరు. తండ్రి అక్కడికి వెళ్లి టీసీ తెచ్చుకుంటాడు, కంప్యూటరులో వదిలారా అని మాత్రం అడగడు. టీసీతోపాటు పెన్ నంబరు రాయించుకుని, వదిలినట్టు తెర చూసి రావాలి. ఆ బడి స్పందించకపోతే ఇక్కడి బీఈఓ ఆఫీసు నుంచి అక్కడి మండల విద్యాశాఖాధికారికి ఉత్తరం పెట్టించండి. కొత్తగా ఇంకో పెన్ పుట్టిస్తే ఆధార్ దగ్గర రెండు పేర్లు తగిలి రెండూ ఆగిపోతాయి. రాని పిల్లల పేర్లు మాత్రం ఎక్కించొద్దు. ఒక్క దొంగపేరు బయటపడితే నిజమైన 61 కూడా ఎవరూ నమ్మరు.

జవాబు 5: నాలుగు_భాషల_నేల

తెలుగు మాస్టారి విషయం. రాజ్యాంగం 350ఏ అధికరణ (1956లో చేర్చినది) ప్రాథమిక స్థాయిలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువుకు తగిన వసతి కల్పించమంటుంది. ఆచరణలో వాడే కొలత 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్నది: తరగతిలో పదిమంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ ఆ భాషవాళ్లు ఉంటే ఒక ఉపాధ్యాయుడు. మీ బడిలో తెలుగు ఇళ్ల పిల్లలు 40 దాటారేమో ఒక్కొక్కరినీ లెక్కపెట్టండి. సవర పిల్లల దారి వేరు, గిరిజన భాషల బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర ఉంది, వాళ్లకు అది అడగాలి.

అర్జీకి తరగతివారీ జాబితా జతచెయ్యండి. పిల్లాడి పేరు, తరగతి, ఇంటిభాష, తల్లి లేదా తండ్రి సంతకం. కొత్త ఏడాది మొదలవడానికి కనీసం మూడు నెలల ముందు బీఈఓకి, నకళ్లు డీఈఓకి, కేంద్ర భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు. ‘ఒడియా వద్దు’ అన్న అర్థం ఎక్కడా రాకుండా రాయండి. పిల్లలకు ఒడియా కావాలి, హైస్కూలుకూ ఉద్యోగానికీ అదే దారి. తెలుగులో అర్థం తెలిస్తే ఒడియా కూడా గట్టిగా పట్టుబడుతుంది. ఒడిశా టెట్‌లో మొదటి భాషగా తెలుగు తీసుకునే వీలుంది, కాబట్టి అర్హులు లేరన్న జవాబుతో సరిపెట్టుకోకండి.

చదువు తేల్చే పద్ధతి. కేంద్రం చేసే పరఖ్ సర్వే, ప్రథమ్ సంస్థ వేసే అసర్ నివేదిక మీ బడి గురించి ఏమీ చెప్పవు, అవి నమూనా తీసి జిల్లాకో రాష్ట్రానికో చెప్పే లెక్కలు. శాతాలు కూడా వద్దు, తరగతిలో పదిమంది ఉంటే ఒక్క పిల్లాడే పదిశాతం. పిల్లాడిని పేరుపేరునా చూడాలి. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ గురి ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి 60 మాటలు అర్థమయ్యేలా చదవాలి, 9999 దాకా అంకెలు రావాలి. ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరుల్లో ఒకసారి, పాఠ్యపుస్తకంలో లేని 60 మాటల పేరా ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి రాసి పెట్టుకుని గడియారం చూసి చదివించండి. తర్వాత రెండు ప్రశ్నలు అడగండి. గడగడా చదివి జవాబు చెప్పలేని పిల్లలు మన సరిహద్దు బడుల్లో ఎక్కువ. వాళ్లకు అక్షరాలు వచ్చు, భాష రాలేదు. ఆ తేడా మాస్టారికి చూపిస్తే ఆయన పాఠం చెప్పే తీరే మారుతుంది. అక్షరమే రానివాళ్లను వేరుగా రాసుకోండి, వాళ్లకు రోజుకో గంట విడిగా కావాలి.

పద్దుల_పుస్తకం

ఒక్క చేర్పు. లెక్కలు చూపించకపోతే గొడవపడకండి. ఒడిశాలో సమాచార హక్కు అర్జీ ఫారం-ఏలో ఇవ్వాలి, గుర్తింపు కార్డు నకలు, రూ.10 కోర్టు ఫీజు స్టాంపు జతచెయ్యాలి, గడువు 30 రోజులు. మామూలు ఫిర్యాదైతే విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద రాతపూర్వకంగా ఇవ్వండి, మూడు నెలల్లో తేల్చాలి. ‘గత ఏడాది కాంపోజిట్ గ్రాంటు పరిమితి ఎంత, ఏ తేదీన ఎవరికి ఎంత చెల్లించారు’ అని సూటిగా అడగండి. ‘అన్ని లెక్కలూ ఇవ్వండి’ అంటే వచ్చి చూసుకోమని జవాబు వస్తుంది.