విశాఖ ఉక్కపోతలో నలుపు, గొలుసులు, బూట్లు: మనదైన స్టైల్ ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లకలువ:
గోత్, పంక్ (రాక్ సంగీతంతో పాటు పుట్టిన నలుపు, గొలుసుల స్టైళ్ళు) బట్టల మీద ఇష్టం. కానీ ఫొటోల్లో కనిపించేవన్నీ చలిదేశాల బట్టలే: తోలు జాకెట్టు, మోకాళ్ళ దాకా బూట్లు, ఒకదాని మీద ఒకటి మూడు పొరలు. మే నెల మధ్యాహ్నం జగదాంబ సెంటర్‌లో అలా నిలబడగలమా? ఈ ఉక్కకి ఏ గుడ్డ మంచిది? ఇంట్లో ఉన్న పాత బట్టలకి నలుపు వేసుకోవచ్చా? అందరూ చూస్తుంటే బిగుసుకుపోకుండా ఎలా ఉండాలి? ఖర్చు తక్కువలో కావాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

కోరాగుడ్డ:
పంక్ 1970ల్లో లండన్‌లో ఊపందుకుంది. గోత్ దాని వెనకే వచ్చింది. తోలూ, మందపాటి ఊలూ అక్కడి చలికి సరిపోయాయి. మనం తెచ్చుకోవాల్సింది రంగు, ఆకారం. గుడ్డ మాత్రం మన ఊరి గాలికి తగ్గదే ఉండాలి.

పై పొరకి మల్‌మల్ (పలుచని కాటన్) లేదా వదులుగా నేసిన లినెన్ తీసుకోండి. పొందూరు ఖద్దరు దొరికితే వదలొద్దు. చేత్తో వడికిన నూలు కాబట్టి గాలి ఆడుతుంది, నలుపు వేస్తే నేతలోని గరుకుదనం అందంగా కనిపిస్తుంది. రేయాన్ జారుడు బాగుంటుంది గానీ తడిస్తే బలం తగ్గుతుంది, బాగా కుంచించుకుపోతుంది. పాలిస్టర్ జార్జెట్ చెమటకి ఒంటికి అంటుకుంటుంది, పొరలుగా వేస్తే మరీ నరకం. చేతుల్లేని డెనిమ్ జాకెట్టుకి చదరపు గజానికి 6 నుంచి 8 ఔన్సులు తూగే గుడ్డ చాలు. 14 ఔన్సులది డిసెంబరులో కూడా ఇక్కడ బరువే.

పూర్ణా మార్కెట్ వైపు తాను గుడ్డ కొంటే లెక్క కంటే పావు మీటరు ఎక్కువ తీసుకోండి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే దర్జీకి ఇవ్వాలి. కుట్టాక కుంచించుకుపోతే చంకల దగ్గర పట్టేస్తుంది, దాన్ని సరిచెయ్యడం కష్టం.

దర్జీకి ఫొటో ఒక్కటే చూపిస్తే ఆయనకి అలవాటైన చుడీదార్ కొలతల్లోకి వెళ్ళిపోతారు. మీకు బాగా పట్టే పాత చొక్కా ఒకటి, కావలసిన మార్పులు కాగితం మీద సెంటీమీటర్లలో రాసి ఒకటి, రెండూ ఇవ్వండి. కొత్త ఆకారమైతే ముందు చవక కోరాగుడ్డతో ఒకటి కుట్టించి వేసుకుని చూడండి. ఆ కొంచెం డబ్బు దండగ కాదు. అసలు గుడ్డలో లోపల రెండు సెంటీమీటర్ల మార్జిన్ వదలమని గట్టిగా చెప్పండి.

రంగులబిందె:
రంగు సంగతి. ముందు గుడ్డ ఏదో తేల్చుకోవాలి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి పట్టకారుతో పట్టుకుని నిప్పంటించండి. కాటన్ కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పాలిస్టర్‌కి వేరే రకం రంగులు, మరిగే వేడి కావాలి, ఇంట్లో పెట్టుకోవద్దు. సగం సగం కలిసిన గుడ్డ బూడిదరంగు దగ్గరే ఆగిపోతుంది.

అర కిలో పొడి కాటన్ గుడ్డకి: చల్లనీళ్ళలో పట్టే రియాక్టివ్ (కాటన్ పోగుతో రసాయనికంగా అతుక్కునే) నలుపు 40 గ్రాములు, నీళ్ళు 10 లీటర్లు, ఉప్పు 600 గ్రాములు, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) 80 గ్రాములు. వంటసోడా పనికిరాదు. మిగతా రంగులకి పొడి ఇందులో సగం చాలు, నలుపుకి మాత్రం ఇంతా కావాలి. పిసినారితనం చేస్తే బొగ్గు రంగే వస్తుంది.

ప్లాస్టిక్ టబ్బు వాడండి, అల్యూమినియం గిన్నెని సోడా తినేస్తుంది. గుడ్డని వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి గంజి వదిలించి, తడిగానే ఉంచండి. పొడిని గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో ముద్దలేకుండా కలిపి, టబ్బులో ఉప్పునీళ్ళకి చేర్చి గుడ్డ ముంచండి. 20 నిమిషాలు కలుపుతూనే ఉండాలి. తర్వాత గుడ్డ పైకి తీసి, వేడినీళ్ళలో విడిగా కరిగించిన సోడా పోసి, మళ్ళీ ముంచి ఇంకో గంట ఉంచండి. మొదటి అరగంటలో అయిదు నిమిషాలకోసారి తిప్పాలి. సోడా నేరుగా గుడ్డ మీద పోస్తే అక్కడే మచ్చ కడుతుంది. టబ్బు ఇరుకైనా మడతల్లో మచ్చలే.

చివర చన్నీళ్ళతో జాడించి, తర్వాత బాగా వేడినీళ్ళూ సబ్బూ వేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకండి. ఇది తొందరపడి ఆపేస్తే మొదటి చెమటకే మెడ నల్లబడుతుంది. పొడి కలిపేటప్పుడు మాస్కు, చేతులకి తొడుగులు తప్పనిసరి. ఆ పొడి పీలిస్తే కొందరికి ఆయాసం వస్తుంది. సోడా పడ్డాక మిగిలిన రంగునీళ్ళు రేపటికి దాచుకోవద్దు, కొన్ని గంటల్లో పట్టు పోతుంది.

ఒక ముచ్చట: కుట్టిన దారం పాలిస్టర్‌దైతే నల్ల గుడ్డ మీద తెల్ల కుట్లు అలాగే మిగిలిపోతాయి. పంక్‌కి అది చాలా బాగుంటుంది.

సంపంగి_22:
చివర వెనిగర్‌లో నానబెడితే రంగు నిలుస్తుందంటారు కదండి?

రంగులబిందె:
పట్టుకీ ఊలుకీ వేసే యాసిడ్ రంగులకి వెనిగర్ కావాలి. కాటన్ మీద రియాక్టివ్ రంగు పట్టాలంటే క్షారమే పనిచెయ్యాలి. రంగు పడుతుండగా వెనిగర్ పోస్తే సోడా పని చెడుతుంది. అయిపోయాక పోస్తే లాభం లేదు. నలుపు నిలవాలంటే తిరగేసి చన్నీళ్ళలో ఉతకడం, నీడన ఆరెయ్యడం, చెమట పట్టిన రోజే జాడించడం. తెల్లటి ఉప్పు చారలు ముందు కనిపించేది నలుపు మీదే.

వలదారం:
సముద్రం గాలికి మొదట పోయేది ఇనుమే. చవక పిన్నులూ స్టడ్లూ (గుడ్డకి గుచ్చే లోహపు బొడిపెలు) పైన మెరుపు పూత, లోపల ఇనుము. వానాకాలంలో స్టడ్డు వెనక మడిచిన కాళ్ళ దగ్గర తుప్పు మొదలై గుడ్డ మీద ఎర్ర మచ్చ పడుతుంది, అది వదలదు. ఇత్తడివి లేదా స్టెయిన్‌లెస్‌వి తీసుకోండి. ఇనుమువే ఉంటే వెనకవైపు రంగులేని గోళ్ళ పాలిష్ రెండు పూతలు వేసి, ఉతికాక వెంటనే పొడిగుడ్డతో తుడవండి. మెడకీ చెవులకీ చవక లోహం తగిలి దురదపెడితే అది చాలాసార్లు నికెల్. చెమట దాన్ని పెంచుతుంది, మొండిగా వేసుకోవద్దు.

కృత్రిమ తోలు సంగతి ఇంకా ముఖ్యం. పాలియురెథేన్ పూత గాలిలో తేమకి లోపలినుంచి విడిపోతుంది. బీరువాలో వాడకుండా పెట్టినా పొలుసులు రాలుతుంది. బూటు అడుగు ఆ రకందైతే ఒకరోజు నడుస్తుండగానే పొడిపొడిగా ఊడిపోతుంది. రబ్బరు అడుగు, పైన కాన్వాసు ఉన్నవి ఈ ఊరికి సరైనవి. ప్లాస్టిక్ కవర్లో దాచొద్దు, గాలి తగలనివ్వండి.

జాకెట్టు మీద ప్యాచీలు కుట్టడానికి ఫిషింగ్ హార్బర్ వైపు అమ్మే సన్నని నైలాన్ వల దారం వాడండి. చెమటకీ ఉప్పుకీ చివకదు. కాకపోతే జారుతుంది, అందుకని మూడు ముడులు వేసి కొసలు లైటర్‌తో కరిగించాలి.

కోరాగుడ్డ:
ఇక ధైర్యం. తల నుంచి కాలిదాకా ఒకేసారి మార్చొద్దు. ఒక్క వస్తువు ఎంచుకుని, ఉంగరమో నల్ల చొక్కానో, రెండు మూడు వారాలు రోజూ వాడండి. అది మీ ఒంటి మీద మామూలైపోయాక రెండోది.

కొత్త జత బయటికి తియ్యకముందు ఇంట్లో రెండు గంటలు ఉంచుకోండి. నేల మీద బాసింపట్టు వేసి కూర్చోండి, చేతులు పైకెత్తండి, మెట్లెక్కండి. లాక్కోవాల్సిన చోటు, గుచ్చుకునే చోటు అప్పుడే తెలుస్తాయి, వాటిని దర్జీ సరిచేస్తాడు. బయట అందరి కళ్ళూ పడేది మీ బట్టల కంటే ముందు మాటిమాటికీ సర్దుకునే మీ చేతి మీదే. మొదటిసారి ఒక స్నేహితురాలితో సాయంత్రం బీచ్ రోడ్డు మీద అరగంట నడక చాలు. బంధువుల పెళ్ళి మొదటి వేదిక కాకూడదు.

"ఏంటమ్మా ఈ వేషం?" అని పెద్దవాళ్ళు అడిగితే వాదన వద్దు. "నాకిది ఇష్టం పిన్నీ, నేనే రంగు వేసుకున్నాను" అనండి. మీ చేత్తో చేశారని తెలిశాక చాలామంది ప్రశ్నలు బట్టల తయారీ మీదికి మళ్ళుతాయి. ముందే ఒక జవాబు నోటికి అలవాటు చేసుకుంటే తడబడరు.

నల్లకలువ:
ఎంత చెప్పారండీ, చాలా థాంక్స్! ఇంకొక్కటి. కార్సెట్ (నడుముని బిగించే, తాళ్ళు కట్టే పై బట్ట) లాంటిది వేసుకోవాలనుంది, ప్రయాణం స్కూటీ మీద. కుదురుతుందా?

వలదారం:
నడుము నొక్కేది వద్దు, ఆకారం ఇచ్చేది చాలు. రెండు పొరల కాటన్ డ్రిల్ గుడ్డ, మధ్యలో స్టీలు పుల్లల బదులు హార్డ్‌వేర్ షాపులో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు. కొసలు గుండ్రంగా కత్తిరించి లైటర్‌తో నున్నగా చెయ్యకపోతే వారంలో గుడ్డని పొడుచుకుని బయటికి వస్తాయి. వెనక తాళ్ళ దగ్గర 5 సెంటీమీటర్ల సందు వదలండి, ఉక్క రోజుల్లో వదులు చేసుకోవచ్చు. స్కూటీ మీదైతే వేసుకోకుండా సంచిలో తీసుకెళ్ళండి. పొడవు స్కర్టు అంచు చీలమండ కంటే నాలుగు వేళ్ళు పైకి ఉండాలి. వేలాడే గొలుసులు, చున్నీ కొసలు చక్రంలో పడతాయి, బండి ఎక్కేముందు విప్పి జేబులో వేసుకోండి.