టీచర్ ఉద్యోగం చేస్తూ సొంత పాటలు చేసేవాళ్లు గొంతు ఎలా కాపాడుకుంటున్నారు?

తంగేడు పువ్వు:
నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. పల్లె బాణీల్లో సొంత పాటలు రాసుకుని, ఇద్దరు స్నేహితులతో కలిసి ఫోక్ రాక్ చేస్తున్నాను. నాది గిటారు, మిగతా ఇద్దరిదీ బేస్, డప్పు. రోజుకు ఆరు పీరియడ్లు గొంతు చించుకుని, శనివారం మైకు ముందు నిలబడితే పైస్థాయి అందట్లేదు. రెండు రికార్డింగులు వాయిదా పడ్డాయి. చాలా టెన్షన్‌గా ఉంది. స్కూలు మానెయ్యమని ఇంట్లో ఒకటే పోరు.

ఆరో పీరియడ్:
మేడమ్, నేను లెక్కల మాస్టారిని. నాకూ ఇలాగే అయింది. గొంతు బొంగురు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకునేవాణ్ణి. అలా చేస్తే ఇంకా ఒత్తిడి పడుతుందని ఈఎన్‌టీ డాక్టరు చెప్పారు. పరీక్షలో నాడ్యూల్స్, అంటే స్వరతంతువుల మీద చిన్న గడ్డలు, బయటపడ్డాయి, వాయిస్ థెరపీతో తగ్గాయి. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే తప్పకుండా చూపించుకోండి. క్లాసుకు నడుముకి కట్టుకునే చిన్న మైకు కొనండి. పిల్లలు రెండు రోజులు నవ్వుతారు, అంతే. ఇంకో సంగతి, గిటారు మెడకు బిగించి శ్రుతి పెంచే క్లిప్పు ఉంటుంది కదా, కాపో, దాన్ని రెండో ఫ్రెట్‌లో పెట్టి పాడే పాటల్ని ఇప్పుడు కాపో తీసేసి, శ్రుతి తగ్గించి పాడుతున్నాను. వినేవాళ్లెవరూ తేడా పట్టలేదు.

చిర్ర చప్పుడు:
డప్పు వాయించేవాడిగా చెబుతున్నా అక్కా. మా చప్పుడులో మీ గొంతు మీకే వినపడక ఇంకా గట్టిగా పాడతారు. సగం దెబ్బ అక్కడే తగులుతుంది. రిహార్సల్లో డప్పుకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి. రికార్డింగ్ రోజు రెండు టేకులకోసారి డప్పు మంట దగ్గర కాచుకోమని మీ డప్పు స్నేహితుడికి చెప్పండి. తోలు చల్లారితే మొదటి టేకు ఖంగుమంటుంది, నాలుగోది మెత్తబడుతుంది, రెండూ అతకవు. అప్పుడు మళ్లీ మీరే మొదట్నుంచి పాడాలి.

మంజీర ఒడ్డు:
పాట కోసం స్కూలు మాత్రం మానకండమ్మా. సుద్దాల అశోక్ తేజ గారు కూడా సినిమాలకు ముందు టీచరుగా పనిచేసినవారే. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో 1,000 సార్లైనా వినని పాటకు పైసా రాదు. నావి రెండు ఆ గీత దాటనే లేదు, జీతమే స్టూడియో అద్దె కట్టింది. నాలాగా సర్కారు బడిలో ఉన్నవాళ్లు డబ్బు తీసుకుని పాడేముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మా అమ్మమ్మ నాట్ల పాట పెడితే, అది తమదేనని ఒక కంపెనీ యూట్యూబ్‌లో క్లెయిమ్ వేసింది. చాలా బాధేసింది. జానపదం ఎవరి సొత్తూ కాదు, వాళ్ల హక్కు వాళ్ల రికార్డింగ్ వరకే. అదే రాసి డిస్ప్యూట్ పెట్టాను. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులు గడువు. ఇవ్వలేదు, క్లెయిమ్ పోయింది. ముసలివాళ్ల దగ్గర పాట నేర్చుకుంటే ఫోన్లో రికార్డు చేసి ఉంచండి. వీడియో కింద ‘జానపదం’ అని వదిలెయ్యకుండా, వాళ్లు సరేనంటే పేరు కూడా రాయండి. ఆ మర్యాద మనం చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు?

తంగేడు పువ్వు:
అందరికీ దండాలు. మైకు తెచ్చుకున్నాను, డాక్టరు దగ్గరికి శుక్రవారం వెళ్తున్నాను. స్కూలు మాననని ఇంట్లోనూ చెప్పేశాను. మొన్న కొత్త పాట క్లాసులో చదివి వినిపించాను. అందులో నాట్లు వేసే అమ్మ చేతిలో విత్తనాలున్నాయని రాశాను. వెనక బెంచీ పిల్ల లేచి, “నాట్లప్పుడు చేతిలో నారు ఉంటది మేడమ్” అంది. నాకు చెమట పట్టింది. ఆ చరణం మార్చేశాను. డాక్టరు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం కాపో తీసేసి పాడతాను.