హుర్ఘదా నుంచి లక్సర్ డే టూర్: మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో వెళ్ళొచ్చా?

గుంటూరు_టు_దుబాయ్

అందరికీ నమస్తే. డిసెంబర్‌లో పిల్లాడి సెలవులకి ఈజిప్ట్ వెళ్తున్నాం, హుర్ఘదాలో బీచ్ పక్కనే హోటల్ బుక్ అయిపోయింది. వాళ్ళే లక్సర్‌కి డే టూర్ ఒకటి పంపారు, తెల్లారకముందే బస్సు, పొద్దున కర్నాక్ గుడి, లంచ్, పడవలో నైలు దాటి ఫారోల సమాధులుండే రాజుల లోయ, హాట్షెప్సుట్ రాణి గుడి, మెమ్నాన్ విగ్రహాలు, రాత్రికి మళ్ళీ హుర్ఘదా. గైడ్, ఎంట్రీ టికెట్లు, భోజనం అన్నీ అందులోనే అంట, కుర్రరాజు టుటన్‌ఖామున్ సమాధికి మాత్రం విడిగా కట్టాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

అసలు సంగతేంటంటే గుంటూరు నుంచి అమ్మ కూడా వస్తోంది, 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం, పైగా ప్యూర్ వెజ్. మావాడేమో 11 ఏళ్ళు, పొద్దున లేస్తే టుటన్‌ఖామున్ జపమే. ఇద్దరికీ ఒకే రోజులో కుదురుతుందా, లేక అమ్మని హోటల్లో ఉంచి మేం వెళ్ళడమే బెటరా? వెళ్ళినోళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

కాకినాడ_కాజా

అమ్మగారిని వదిలేసి మాత్రం వెళ్ళకండి బాబూ. కానీ ఈ ప్యాకేజీ వద్దు. బస్సులోనే పోను 4 గంటలు, రాను 4 గంటలు, మిగిలిన టైంలో నైలుకి రెండు పక్కలా చూపిస్తానంటే ఎక్కడా పది నిమిషాలు నిలబడనివ్వరు. ఒక రాత్రి లక్సర్‌లో పడుకోండి, మొదటి రోజు మధ్యాహ్నం కర్నాక్, చీకటి పడ్డాక లైట్లలో లక్సర్ గుడి, రెండో రోజు పొద్దున్నే అవతలి ఒడ్డు. లోయ ఎంత తొందరగా తెరిస్తే అంత తొందరగా అక్కడుండాలి, హుర్ఘదా బస్సులన్నీ దిగాక సమాధుల్లో ఊపిరాడదు.

మామూలు టికెట్‌తో మూడు సమాధులే చూడనిస్తారు. టుటన్‌ఖామున్‌కి, ఆరో రామెసెస్‌కి, మొదటి సేతికి వేరే వేరే టికెట్లు, అందులో సేతిది బాగా ఖరీదు. అమ్మగారికైతే నాలుగో రామెసెస్ సమాధి పెట్టుకోండి, ఎంట్రన్స్‌కి దగ్గరే, దారి వెడల్పుగా తిన్నగా ఉంటుంది, పెద్ద దిగుడు లేదు. మూడో థుట్మోస్ సమాధి జోలికి మాత్రం పోవద్దు, ముందు ఇనప మెట్లెక్కి కొండ మీదకి పోవాలి, మళ్ళీ లోపలికి దిగాలి, నాకే కాళ్ళు వణికాయి. ఏవి తెరిచుంటాయో మారుస్తూ ఉంటారు, టికెట్ దగ్గరే కనుక్కోండి.

మీవాడికి ముందే ఓ మాట చెప్పి తీసుకెళ్ళండి, టుటన్‌ఖామున్ సమాధి చాలా చిన్నది, రంగులేసింది ఒక్క గదికే. బంగారు మాస్కు, రథాలు, మంచాలు అన్నీ గీజాలో కొత్తగా కట్టిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఉన్నాయి, ఇక్కడ ఉండేది రాయి పెట్టె, గాజు పెట్టెలో ఆ కుర్రరాజు మమ్మీ. పడమటి గోడ మీద పన్నెండు కొండముచ్చులు వరసగా కూర్చునుంటాయి, రాత్రికి పన్నెండు గంటలని లెక్క, వాడిని లెక్కపెట్టమనండి. 1922 దాకా దొంగలకి పెద్దగా చిక్కకుండా ఎందుకుందో తెలుసా? తర్వాత ఎప్పుడో ఆరో రామెసెస్ సమాధి తవ్వినోళ్ళు సరిగ్గా దీని ద్వారం మీదే రాళ్ళూ రప్పలూ పోసి పనివాళ్ళ గుడిసెలు వేసుకున్నారు, కింద ఏముందో వాళ్ళకే తెలీదు. ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, నన్నడిగితే ఆరో రామెసెస్ టికెట్టే ముందు కొనండి, ఆ కప్పు మీద నూత్ అనే ఆకాశ దేవత సాయంత్రం సూర్యుణ్ణి మింగి పొద్దున కంటూ ఉంటుంది, మెడ నొప్పెట్టేదాకా చూశా.

జగిత్యాల_పోరడు

కాజా అన్నా, అందరికి రెండు రోజులు దొరకయి కదనే. నేను కువైట్ల పనిచేస్త, పోయినేడు గిదే బస్సు టూర్ల పోయిన, మస్తు అలసిపోయిన గని పైసా వసూల్. ఒక్కటి యాదుంచుకోర్రి, గైడు సమాధి లోపటికి రాడు, లోపట ముచ్చట చెప్పనియ్యరు. బయట బోర్డు కాడనే అంత చెప్పి పంపిస్తడు, గందుకే ఆడ మంచిగ ఇనుర్రి, లోపటికి పోయినంక ఎవ్వడు చెప్పడు.

లోపట కావలోడు ఉంటడు, "కమ్ కమ్" అనుకుంట టార్చిలైటు ఏసి మూలకున్న బొమ్మ చూపిస్తడు, ఎన్కనే చెయ్యి చాపుతడు. ఇయ్యబుద్ధైతే చిన్న నోటియ్యిర్రి, లేకుంటే నవ్వి ముందుకు నడువుర్రి, కొట్లాడకుర్రి. టికెట్ కౌంటర్ల క్యాష్ నడ్వది, కార్డే కావాలె. ఇగ మా టూరోళ్ళు నడుమల పాపిరస్ దుకాణం, పాలరాతి దుకాణం అని రెండు తాన్ల ఆపిండ్రు, గంటన్నర గాడనే గంగల కలిసింది, లోయల మాత్రం ఉరుకుర్రి ఉరుకుర్రి అని ఒకటే తొందర. బుక్ చేసేటప్పుడే దుకాణాలు వద్దని రాయించుకోర్రి.

అమ్మ తిండికి రందే లేదు. కోషారి అని అన్నం, మసూర్ పప్పు, మాకరోని, శనగలు కలిపి మీద టమాట పులుసు, ఏంచిన ఉల్లిగడ్డ ఏస్తరు. బాకలా అనే పెద్ద చిక్కుడు గింజలతోని చేసిన తామియా మన గారెల లెక్కనే ఉంటది. ఒక ఊరగాయ పొట్లం ఎంట పెట్టుకుంటే ఇగ అయిపాయె.

గుంటూరు_టు_దుబాయ్

ఇద్దరికీ థాంక్స్. ఒక రాత్రి లక్సర్‌లో ఉండటానికి ఇంట్లో ఓకే అన్నారు. కానీ కర్నాక్ చాలా పెద్దది కదా, అమ్మ నడవగలదా? హాట్షెప్సుట్ గుడి ఫోటోల్లో చూస్తే కొండంత ర్యాంపులు కనిపిస్తున్నాయి.

శిల్పాల_సుజాత

హాట్షెప్సుట్ దగ్గర టికెట్ కౌంటర్ నుంచి గుడి కిందిదాకా చిన్న కరెంటు బండి ఉంటుందండీ, రాజుల లోయలో కూడా అంతే. తర్వాత ర్యాంపు ఎక్కాల్సిందే, అమ్మగారు మధ్య అంతస్తుదాకా వస్తే చాలు, పైది వదిలేయండి. మధ్య అంతస్తులో ఎడమ పక్క గోడ చూడండి, పుంట్ దేశానికి పంపిన ఓడలు, బుట్టల్లో వేళ్ళతో సహా మోసుకొస్తున్న సాంబ్రాణి జాతి చెట్లు, ఓడల కింద నీళ్ళలో చేపలు ఒక్కోటి ఒక్కో రకం. ఆవిడ పోయాక ఆవిడ సవతి కొడుకు మూడో థుట్మోస్ ఆవిడ బొమ్మల్ని గోడల మీంచి చెక్కి తీయించేశాడు, కొన్నిచోట్ల ఆ ఆకారం మాత్రం ఉలి గాట్లతో అలాగే మిగిలింది.

కర్నాక్ నేల చదునే, దూరమే ఎక్కువ. 134 స్తంభాల మండపందాకా వెళ్ళి అక్కడే ఏదో ఒక పీఠం నీడలో కూర్చోబెట్టండి. తల బాగా ఎత్తి దూలాల అడుగున చూడమనండి, వాన తగలని చోట రంగు ఇంకా ఉంది. మొదటి గోపురం దాటగానే వెనక్కి తిరిగితే గోడకి ఆనించి మట్టి ఇటుకల దిబ్బ ఉంటుంది, రాళ్ళు పైకి లాగడానికి వేసిన వాలు అది, గోపురం సగంలో ఆగిపోతే దాన్నీ తీయలేదు. అందరూ దానికి వీపు పెట్టి సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు.

ఇంకోటి, అమ్మగారికి ఫారోల పేర్లు చెప్పకండి, పూజ గురించి చెప్పండి. గైడ్లు అది సరిగా చెప్పరు, పేర్లూ యుద్ధాలే చెప్తారు. రోజూ తెల్లారి పూజారి గర్భగుడి సీలు తీసి, అమున్ దేవుడి విగ్రహానికి స్నానం చేయించి, బట్ట కట్టి, నైవేద్యం పెట్టి, వెనక్కి నడుస్తూ అడుగు జాడలు చీపురుతో తుడుచుకుంటూ బయటికి వచ్చి తలుపేసేవాడు. లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తు పెరుగుతుంది, కప్పు దిగుతుంది, చీకటవుతుంది. ఏడాదికోసారి ఓపెట్ ఉత్సవానికి స్వామిని పడవలో పెట్టి భుజాల మీద లక్సర్ గుడికి మోసుకెళ్ళేవాళ్ళు, ఆ దారే ఇప్పుడు స్ఫింక్సుల బాట, 2.7 కిలోమీటర్లు, 2021లో తెరిచారు. మా అత్తగారికి ఈ ముక్క చెప్పాక మమ్మల్ని వదిలేసి గర్భగుడి ఎక్కడని ఆవిడే గైడ్‌ని అడగటం మొదలెట్టారు.

కాకినాడ_కాజా

సుజాతగారు భలే చెప్పారు. మెమ్నాన్ విగ్రహాల దగ్గర టికెట్ లేదు, బస్సు దిగి ఫోటో తీసుకుని ఎక్కేయండి. ఆ మిగిలిన టైం మెదినెత్ హాబు గుడికి పెట్టండి, జనం తక్కువ, రంగులు ఎక్కువ, మీవాడికైతే తెగిన చేతుల్ని గుట్టలుగా పోసి శత్రువుల్ని లెక్కపెట్టే గోడ ఒకటుంది, నిద్రపోడు ఆ రాత్రి.

గుంటూరు_టు_దుబాయ్

హహ, వాడికి ఇప్పుడే చదివి వినిపించా, టుటన్‌ఖామున్ కంటే ముందు అక్కడికే అంటున్నాడు. సరే, హోటల్ వాళ్ళ టూర్ వద్దని చెప్పేశా. రెండో రోజుకి పొద్దున్నే కారు, గైడ్ విడిగా మాట్లాడుకుంటా, దుకాణాలు లేకుండా. ఆ కరెంటు బండికి టికెట్ విడిగా కొనాలా, అది కూడా కార్డేనా? జగిత్యాల అన్నా, అది ఒక్కటి చెప్పవా.