ట్రాలీ ఎడమ హబ్ బాగా వేడెక్కుతోంది, రిమ్ముకి లోపలివైపు గ్రీజు చారలు

కొత్త ట్రాలీ:

అందరికీ నమస్కారం. నాది ఒకే ఇరుసున్న టిప్పింగ్ ట్రాలీ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పని ఉంటే రోజూ తిరుగుతుంది, లేకపోతే నెలల తరబడి ఆరుబయటే. మొన్న లోడుతో వచ్చి ఆపాక హబ్‌ల (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) మీద చెయ్యి పెట్టి చూశాను. కుడిది గోరువెచ్చగా ఉంది. ఎడమది మాత్రం చెయ్యి ఆననివ్వలేదు. ఆ రిమ్ముకి లోపలివైపు నల్లటి గ్రీజు చారలు కూడా ఉన్నాయి. హబ్ మీద గ్రీజు ఎక్కించే నిప్పిల్‌కి గ్రీజు గన్‌తో దండిగా కొడుతూనే ఉన్నాను. ఇంకా కొట్టాలా, లేక అసలు సమస్య వేరే ఉందా? పన్లో పనిగా ట్రాలీకి మామూలుగా ఏమేం చూసుకోవాలో కూడా చెప్పండి. ఇంజనే లేని బండికి సర్వీసింగ్ ఏంటని మావాళ్ళు నవ్వుతున్నారు.

పానా బాబాయ్:

గన్ పక్కన పెట్టు తమ్ముడూ. చారలు లోపలివైపు కనిపిస్తున్నాయంటే వెనక ఆయిల్ సీల్ (గ్రీజు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది. గ్రీజు బయటికి వచ్చే దారిలోనే దుమ్ము, నీళ్ళు లోపలికి పోతాయి. గన్‌తో ఒత్తి కొడితే ఒక్కోసారి ఆ సీల్‌ని మనమే బయటికి నెట్టేస్తాం. హబ్ నిండా కుక్కిన గ్రీజు లోపల నలిగి నలిగి అదే వేడి పుట్టిస్తుంది కూడా. ఈ పరిస్థితిలో లోడు వెయ్యకు, ముందు విప్పి చూడు.

ఖాళీ ట్రాలీని చదును నేల మీద, ట్రాక్టరుకి తగిలించే ఉంచు. రెండో చక్రానికి ముందూ వెనకా దిమ్మెలు పెట్టు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేసుకుని, జాకీ ఇరుసు కింద పెట్టి లేపు. కింద గట్టి స్టాండు లేకుండా జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం ఊడదియ్యొద్దు. విప్పేముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడు, తర్వాత తిప్పి విను. గరగరమంటే బేరింగ్ పాడైనట్టే.

బేరింగులు తీసి కిరోసిన్‌లో కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడిచి వెలుతుర్లో చూడు. రోలర్లు నీలంగా మారితే కాలిపోయాయని అర్థం. గుంటలు, పెచ్చులు ఉన్నా పనికిరావు. హబ్‌లో కూర్చున్న కప్పు (రోలర్లు దొర్లే బయటి రింగు) లోపల గోరుతో గీసి చూడు, తగులుతుంటే అదీ మార్చాలి. కొత్త బేరింగ్ వేస్తూ పాత కప్పు వదిలేసేవాళ్ళున్నారు, అది దండగ ఖర్చు. రెండూ జతగానే మార్చాలి.

గ్రీజు పట్టించడం గన్‌తో కాదు, చేత్తో. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగ్ వెడల్పు అంచుని దానికేసి నొక్కుతూ ఉంటే రోలర్ల సందుల్లోంచి అవతలికి వస్తుంది. చుట్టూ అలా వచ్చేదాకా చెయ్యి. లిథియం గ్రీజు, చిక్కదనం నంబర్ 2 సరిపోతుంది. పాతది ఏ రకమో తెలీదు కాబట్టి పూర్తిగా కడిగేశాకే కొత్తది పెట్టు. కొన్ని రకాలు కలిస్తే పల్చబడి కారిపోతాయి.

చాలామంది చెడగొట్టేది చివర్లో ఇరుసు నట్టు దగ్గర. చక్రం తిప్పుతూ పానాతో కొంచెం బిగువొచ్చేదాకా బిగించి, పూర్తిగా వదులు చేసి, మళ్ళీ వేళ్ళతో మాత్రమే బిగించు. నట్టు తిరిగిపోకుండా వేసే స్ప్లిట్ పిన్ కన్నం కుదరకపోతే వెనక్కే తిప్పు, ముందుకు కాదు. వీసమంత ఆట (కదలిక) ఉండాలి. పిన్ను కొత్తదే వెయ్యి.

నీళ్ళబండి:

బాబాయ్ చెప్పినదానికి తోడు ఒక మాట. వేడిగా ఉన్న హబ్ నీళ్ళలో మునిగితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి, సీల్ సందులోంచి నీళ్ళని పీల్చుకుంటుంది. మీ ట్రాలీ వాగులు దాటేదైతే ఏడాదికోసారి హబ్ విప్పి గ్రీజు మార్చితే చాలదు. గ్రీజు పాలలా తెల్లగా మారితే నీళ్ళు చేరినట్టే. బ్రేకులున్న ట్రాలీ అయితే డ్రమ్ము లోపల కూడా చూడండి. గ్రీజు పీల్చిన లైనింగ్ ఎంత కడిగినా పట్టు రాదు, మార్చాల్సిందే.

నాలుగంకెలు:

టైర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నిలబెట్టి ఉంచే ట్రాలీకి గీతలు అరిగేలోపే రబ్బరు ముసలిదైపోతుంది. గీతలు చూసి మోసపోవద్దు. పక్కగోడ మీద డాట్ (DOT) అక్షరాల వరస చివర్లో నాలుగంకెలు ఉంటే, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. పక్కల్లో సన్న పగుళ్ళుంటే లోడు వెయ్యకండి. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. చక్రం విప్పి బిగించాక కొంత దూరం తిరిగి నట్లు మళ్ళీ బిగించాలి, ఒకదాని తర్వాత దాని ఎదురుది.

ఎర్త్ వైరు:

ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా మినుకుమంటోందా? బల్బులు మార్చుకుంటూ కూర్చోకండి, ఎర్త్ (లైట్ల వైరుని ట్రాలీ చట్రానికి బోల్టుతో కలిపే చోటు) సరిగ్గా లేదు. బోల్టు విప్పి, తుప్పు గీకి బిగిస్తే చాలాసార్లు అక్కడితో సరి.

కొత్త ట్రాలీ:

అందరికీ థ్యాంక్స్. విప్పాను. రోలర్లు నీలమే, రెండు బేరింగులూ కప్పులతో సహా తెప్పించాను. సీల్ పెదవి (ఇరుసుకి ఆనే అంచు) గట్టిపడి బిరుసుగా ఉంది. ఇంకో సంగతి: ఇరుసు మీద సీల్ ఆనే చోట చుట్టూ గాడి పడింది, గోరు దిగుతోంది. కొత్త సీల్ వేసేస్తే సరిపోతుందా?

పానా బాబాయ్:

సరిపోదు. గోరు దిగేంత గాడి ఉంటే కొత్త సీల్ కూడా కారుతుంది. లేత్ పనివాళ్ళ దగ్గర ఆ చోటికి సన్నటి స్లీవ్ (లోహపు తొడుగు) ఎక్కించు. కొత్త సీల్ కొనేముందు ఇరుసు మందం మళ్ళీ కొలుచుకో, స్లీవ్ మీద సైజు మారొచ్చు. సీల్‌ని సుత్తితో ఒకవైపు కొట్టకు, పైన చదునైన చెక్క పెట్టి నిదానంగా దించు. పెదవి గ్రీజు వైపే ఉండాలి.

అన్నట్టు నీది టిప్పింగ్ కదా. తొట్టి లేపి కింద పని చేసేటప్పుడు హైడ్రాలిక్ మీద వదిలెయ్యకు, ఖాళీ తొట్టికైనా సపోర్టు రాడ్డు పెట్టాకే కిందికి వెళ్ళు. హైడ్రాలిక్ ఆయిల్ గొట్టం (హోస్) కారుతోందేమోనని చేత్తో తడమకు, అట్టముక్క అడ్డం పెట్టి చూడు. ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మంలోకి దిగుతుంది. స్లీవ్ వేశాక కొంత దూరం తిరిగి రెండు హబ్‌లూ తాకి చూసి ఇక్కడే రాయి.