సంక్రాంతికి తమ్ముడి కుటుంబం, అవే రోజుల్లో పాత స్నేహితులు: పది రోజులను ఎలా గడపాలి?

ఎంవీపీ కాలనీ అక్కయ్య:

అందరికీ నమస్కారం. డాలస్‌లో స్థిరపడిన మా తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలతో నాలుగేళ్ల తరవాత ఈ సంక్రాంతికి విశాఖపట్నం వచ్చి పది రోజులు మా ఇంట్లోనే ఉంటారు. మా అమ్మానాన్నలు కూడా మాతోనే ఉన్నారు. నాన్నగారికి 79 ఏళ్లు, మోకాళ్ల నొప్పుల వల్ల నాలుగు మెట్లు ఎక్కడం కూడా కష్టం.

పోయినసారి వాళ్లు వచ్చినప్పుడు కారు మాట్లాడుకుని కైలాసగిరి, సింహాచలం, బొర్రా గుహలు, అరకు, భీమిలి అంటూ ఎనిమిది రోజులూ తిరుగుతూనే ఉన్నాం. తమ్ముడు విమానం ఎక్కిన రాత్రి నాన్నగారు భోజనానికి కూర్చుని, ముద్ద కలుపుతూ, "వాడు వచ్చాడన్న మాటే గానీ, ఒక్క పూటైనా వాడి పక్కన తీరిగ్గా కూర్చోలేదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది.

దీనికి తోడు, ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టల్లో కలిసి చదువుకున్న మా స్నేహితురాళ్లు నలుగురూ పండక్కి ఊళ్లోనే ఉంటున్నారు. కిందటి సారి ఒక హోటల్లో కలుసుకుంటే, ఆ రొదలో ఒకరి మాట ఒకరికి వినపడక ఫొటోలు తీసుకుని వచ్చేశాం. ఇటు ఇంటివారికీ అటు స్నేహితులకూ లోటు రాకుండా ఈ పది రోజులను ఎలా గడపాలో, అనుభవం ఉన్నవారు చెప్పగలరు. మా మేనకోడలికి 13 ఏళ్లు, మేనల్లుడికి 9. అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటానికి బిడియపడుతుంది.

సీతమ్మధార బామ్మ:

అమ్మా, మీ నాన్నగారి మాట చదివి నాకూ మనసు చివుక్కుమంది. మొదటి రెండు రోజులూ ఏమీ పెట్టుకోకండి. చలికాలంలో డాలస్‌కూ మనకూ పదకొండున్నర గంటల తేడా ఉంటుంది కాబట్టి పిల్లలు రాత్రి రెండు గంటలకే లేచి కూర్చుంటారు. మా మనవడు అలా లేచినప్పుడు వాణ్ణి బలవంతంగా పడుకోబెట్టకుండా, తెల్లవారుతుండగా మా వారు జాలరిపేట ఒడ్డుకు తీసుకువెళ్లారు. అక్కడ అలివి వల లాగుతున్నారు. రెండు వరసల మనుషులు దూరదూరంగా నిలబడి తాళ్లు లాగుతూ, వల ఒడ్డుకు చేరేకొద్దీ ఒకరికొకరు దగ్గరవుతుంటే, వీడూ వెళ్లి తాడు పట్టుకున్నాడట. ఇంటికి వచ్చి, ఎర్రగా కందిన అరచేతులనూ కవర్లో తెచ్చిన గుప్పెడు కవళ్ల చేపలనూ నాకు చూపించాడు. ఆ సెలవుల్లో ఎన్నో చూపించాం, వాడు ఇప్పటికీ ఫోన్లో అడిగేది మాత్రం ఆ వల గురించే.

ఇక మేనకోడలి సంగతి. "తెలుగులో మాట్లాడు" అని పది మందిలో అడిగితే ఏ పిల్లైనా ముడుచుకుపోతుంది. అరిసెలు వండేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, బెల్లం పాకం చుక్క పళ్లెంలోని నీళ్లలో వేసి, వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ అవుతోందో లేదో చూడమనండి. "ఇంకా రాలేదు", "ఇప్పుడు వచ్చింది" అన్న మాటలు తనకు తెలియకుండానే వచ్చేస్తాయి. అతిథుల్లా కూర్చోబెట్టి వడ్డించడం కన్నా ఇంటి పనిలో కలుపుకోవడమే పిల్లలను దగ్గర చేస్తుందని నా నమ్మకం.

భీమిలి మాస్టారు:

పెద్దావిడ చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే పది రోజులూ ఇల్లు కదలకపోతే పిల్లలు విసిగి ఫోన్లకు అతుక్కుపోతారు కాబట్టి, అందరూ కలిసి ఒక్క ప్రయాణం, నాన్నగారు లేకుండా మరొక్కటి పెట్టుకోండి, చాలు.

అందరికీ అయితే అరకు రైలే మంచిది. కారులో ఒకరు ముందు, ఒకరు వెనక అయిపోతారు, పైగా ఘాట్ రోడ్డు మలుపులకు పిల్లలకు వాంతులు. రైల్లో నాలుగు గంటల పాటు తాతగారూ మనవలూ ఒకే కిటికీలోంచి చూస్తూ మాట్లాడుకోవచ్చు. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు పెట్టే కేకలు, 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్లో తగిలే చలిగాలి, ఇవన్నీ కూర్చున్నచోటే అందుతాయి. రైలు ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరుతుంది. రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుస్తారు, పండగ రోజుల్లో అద్దాల పెట్టెలో (విస్టాడోమ్) సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. బొర్రా మెట్లు మాత్రం నాన్నగారి చేత ఎక్కించవద్దు.

రెండోది ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ 91 మీటర్ల నౌకలో, ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరి వెళ్లాలి, కాబట్టి అది తమ్ముడూ పిల్లలే చూడాలి. సోమవారం సెలవు. ఇంకొక్క మాట, ఆర్కే బీచ్‌లో అలలు పైకి ప్రశాంతంగా కనిపించినా అడుగున లాగేస్తాయి, పిల్లలను పాదాలు తడిసే మేర దాటనివ్వకండి.

పెదవాల్తేరు పూర్వ విద్యార్థిని:

స్నేహితుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మేమూ అదే పొరపాటు మూడేళ్లు చేశాం. హోటల్ మానేయండి. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేసే వేళ ఐదుగురూ నడవండి. ఎదురెదురుగా కూర్చుంటే ఉద్యోగాలూ పిల్లల పెళ్లిళ్లూ తప్ప వేరే మాట రాదు గానీ, పక్కపక్కన నడుస్తుంటే లోపలి మాటలు వస్తాయి. మాలో ఒకరు భర్త పోయిన సంగతిని మొదటిసారి పూర్తిగా చెప్పుకున్నది అలాంటి నడకలోనే.

తరవాత కనుమ నాడు వాళ్లను మీ ఇంటికే భోజనానికి పిలవండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ రోజు ఎవరూ ఊరు దాటి వెళ్లరు. మినప గారెలు ఎలాగూ వండుతారు, ఇంకో గిద్దెడు పప్పు ఎక్కువ నానబెడితే సరిపోతుంది. హాస్టల్లో మీరు ఎలా ఉండేవారో మీ మేనకోడలికి వాళ్లు చెబుతుంటే, ఆ పిల్లకు తన మేనత్తలో మరో మనిషి కనిపిస్తుంది.

ఎంవీపీ కాలనీ అక్కయ్య:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అరకు రైలు, కురుసుర, కనుమ భోజనం, ఈ మూడే ఉంచి మిగిలిన రోజులు ఖాళీగా వదిలేశాను. తెల్లవారుజాము నడకకు స్నేహితురాళ్లు నలుగురూ ఒప్పుకున్నారు. ఈ సాయంత్రం నాన్నగారికి ఇదంతా చదివి వినిపిస్తే, చివరిదాకా మాట్లాడకుండా విని, అటక మీద ఉన్న అరిసెల చెక్కలను ఇప్పుడే దింపి కడిగి ఎండబెట్టమన్నారు. పండక్కి ఇంకా రెండు నెలలకు పైగా ఉంది.