హైబ్రిడ్ ఫాల్కన్ ఈకలు రాల్చడం మధ్యలో ఆగింది, టెన్షన్‌గా ఉంది

కవిటి కుర్రాడు:
అన్నలూ, నేను ఖతార్‌లో ఒక కఫీల్ (నాకు వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో ఫాల్కన్లు, అంటే వేట డేగలు, చూసుకుంటాను. ఇప్పుడు సెలవు మీద కవిటి వచ్చాను. నా బదులు అక్కడున్న సోంపేట తమ్ముడు వాట్సాప్‌లో ఫోటోలు పంపుతున్నాడు. జీర్ (జిర్‌ఫాల్కన్), షాహీన్ (పెరెగ్రిన్) అనే రెండు డేగ జాతులకి పుట్టిన హైబ్రిడ్ ఆడపక్షి ఏప్రిల్‌లో ఈకలు రాల్చడం మొదలుపెట్టింది. రెక్క మధ్యలో కొత్తవి వచ్చేశాయి. చివరి రెండు పెద్ద ఈకలు మాత్రం రెండు వైపులా పాతవే, రంగు వెలిసిపోయి ఉన్నాయి. జూలై అయిపోతోంది. దీంతోపాటే పుట్టిన ఇంకో పక్షి దాదాపు పూర్తిచేసింది. అక్టోబరుకి వేట మొదలవుతుందని, తొందరగా రాలడానికి కఫీల్ కొడుకు థైరాయిడ్ మాత్రలు వేద్దామంటున్నాడు. ఏం చెప్పమంటారు?

కంచిలి కొబ్బరితోట:
బావూ, ముందు ఆ మాత్రలు ఆపించు. నేను కువైట్‌లో ఇదే పని చేసి వచ్చాను. ఆ మందు వేస్తే ఈకలు గుంపుగా రాలిపోతాయి. మొలిచే ఈక కాడ నిండా రక్తం ఉంటుంది, మెత్తగా ఉంటుంది. పక్కన గట్టి ఈక కాపు లేకపోతే, పక్షి ఒకసారి బెదిరి గోడకి కొట్టుకున్నా చాలు, విరిగి రక్తం కారుతుంది. వరసగా రాల్చుకునేది అందుకే.

ఆ వరస చెప్తాను, ఫోటోతో సరిచూసుకో. రెక్కకి పెద్ద ఈకలు పది. లోపలి నుంచి లెక్కపెడితే మొదట రాలేది నాలుగోది. అక్కడి నుంచి అటూ ఇటూ సాగుతుంది. పదోది ఆఖరు. నీ పక్షికి మిగిలినవి తొమ్మిదీ పదీ, అదీ రెండు వైపులా సమానంగా. అంటే వరస తప్పలేదు. ఒకే వైపు మిగిలితే ఈక మొలిచే చోట దెబ్బ తగిలిందేమో అనుకోవాలి.

తోడబుట్టినదానితో పోల్చకు. జీర్ మంచు దేశాల పక్షి, అక్కడ వేసవి చిన్నది, కాబట్టి దాని రాల్చే వేళలు వేరు. హైబ్రిడ్‌లో ఏ పిల్లకి ఎవరి పోలిక వస్తుందో చెప్పలేం. జాతి పేరు చూసి తేదీ చెప్పేసేవాళ్ళని నేను నమ్మను.

ఒక్కటి అడుగు: గదికి కిటికీ ఉందా? లైట్లు ఎప్పుడు వేస్తున్నాడు, ఎప్పుడు ఆర్పుతున్నాడు?

బొబ్బిలి వెటర్నరీ:
అన్న చెప్పింది నిజం. కొత్త ఈకలు వెలుగుకి పట్టి చూడమనండి. అడ్డంగా సన్నని గీత కనిపిస్తే, అది పెరుగుతున్న రోజుల్లో తిండి తగ్గిందనో బాగా బెదిరిందనో అర్థం. తర్వాత అక్కడే విరుగుతుంది. జీర్ రక్తం ఉన్నవాటికి ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ బూజు తొందరగా పడుతుంది. ఏసీ ఫిల్టరు కడిగించండి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, గొంతు మారినా ఈకల సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రాజాం రాజు:
మన దగ్గర ఒకటి పెంచుకోవచ్చా అన్నా?

కంచిలి కొబ్బరితోట:
మన డేగల్ని పట్టినా పెంచినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. కోడిపుంజు పెంచుకో.

కవిటి కుర్రాడు:
అన్నా, ఇప్పుడే ఫోన్ చేశాను. కిటికీ లేదు. నేను తెల్లారకముందే లైట్లు వేసి రాత్రి తొమ్మిదికి ఆర్పేవాణ్ణి. తమ్ముడు కరెంటు దండగని ఉదయం ఎనిమిదికి వేసి సాయంత్రం ఐదుకి ఆర్పేస్తున్నాడట!

కంచిలి కొబ్బరితోట:
అదీ సంగతి. పగలు పొట్టిదైతే చలికాలం వచ్చిందనుకుంటుంది దాని ఒళ్ళు, రాల్చడం నెమ్మదిస్తుంది. టైమర్ పెట్టించి నీ వేళలే మళ్ళీ పాటించమను. ఈ నెలల్లో వేటకోసం బరువు తగ్గించే పని పెట్టుకోకూడదు. పిట్ట మాంసం ఎముకలతో సహా కడుపునిండా పెట్టాలి. అప్పుడే కోసిన పావురం వద్దు, నోట్లో పుండ్లు తెచ్చే రోగం దాన్నుంచి వస్తుంది. చేతి మీదకి ఎక్కించుకుని అతిథులకి చూపించడం కూడా ఆపమను, కఫీల్ కొడుకు అలిగితే అలిగాడు.

ఇవన్నీ చేసినా ఒకటి రెండు పాతవి మిగిలిపోయి మరుసటేడు రాలడం ఉంది. వాటితోనే ఎగురుతుంది, కంగారొద్దు. రాలిన ఈకలు ఊడ్చి పారేయొద్దని మాత్రం గట్టిగా చెప్పు. కుడి ఎడమ విడివిడిగా, ఎన్నో నంబరో రాసి కవర్లో పెట్టాలి. వేటలో ఏదైనా విరిగితే అదే నంబరు పాత ఈకని కాడలో అతికించి నడిపించొచ్చు.