తగ్గిందా, తగ్గించారా, తక్కువగా లెక్కకొచ్చిందా?

ప్రశ్న: డెన్మార్క్, న్యూజిలాండ్ వ్యవసాయాల నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌ను (పొలంలోని నత్రజని నుంచి పుట్టి, భూమిని వేడెక్కించే వాయువు) 1990 నుంచి పోల్చి చెప్పేటప్పుడు "ఒక దేశానిది రెండు రెట్లు తక్కువ" అనవచ్చా? "ఉద్గారాలు తగ్గాయి" అంటే సరిపోతుందా?

జవాబు: "రెట్లు" పెరుగుదలకే ఉంచండి. 12 కిలోలు 6 అయితే సగమైంది, 4 అయితే మూడో వంతయింది. "రెండు రెట్లు తక్కువ" అంటే ఒకరు సగం అనుకుంటారు, మరొకరు మూడో వంతు అనుకుంటారు.

మరో జవాబు: రెండో ప్రశ్నే అసలుది. ఇక్కడ మన క్రియలు బాగా పనికొస్తాయి. డెన్మార్క్‌లో 1987 నుంచి వరుసగా జలరక్షణ ప్రణాళికలు వచ్చాయి. 1998 నాటి రెండో ప్రణాళికలో, పంటకు వేసే నత్రజని పరిమితిని ఆర్థికంగా గిట్టుబాటయ్యే మోతాదు కంటే 10 శాతం కిందికి దించారు. పశువుల ఎరువులోని నత్రజనినీ లెక్కలో కలపమన్నారు. రసాయన నత్రజని వాడకం 1990 నుంచి 2010 నాటికి దాదాపు సగమైంది. దీనికి "తగ్గించారు" అనే రాయాలి. న్యూజిలాండ్‌లో గొర్రెలు 1990లో సుమారు 5.8 కోట్లు, ఇప్పుడు 3 కోట్లలోపు. గొర్రెల మూత్రం నుంచి వచ్చే వాయువు ఆ మేరకు "తగ్గింది", ఉద్గారాల కోసం ఎవరూ తగ్గించలేదు. అదే కాలంలో పాడి పశువులూ యూరియా వాడకమూ బాగా పెరిగాయి. అక్కడ హెక్టారు పచ్చికకు ఏడాదికి 190 కిలోల కృత్రిమ నత్రజని అనే పరిమితి 2021 జులైలో గానీ రాలేదు.

ప్రశ్న: మరి మూడో మాట, "తక్కువగా లెక్కకొచ్చింది", ఎక్కడ వాడాలి?

జవాబు: వాయువు అంతే ఉండి గుణకం మారినచోట. 100 కిలోల యూరియాలో 46 కిలోల నత్రజని ఉంటుంది. ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం) 2006లో ఇచ్చిన డిఫాల్ట్ గుణకం, అంటే సొంత కొలతలు లేని దేశం వాడుకునేది, 1 శాతం; దాని ప్రకారం 0.46 కిలోల నత్రజని నైట్రస్ ఆక్సైడ్ రూపంలో నేరుగా పోతుంది. దాన్ని 44/28తో (నైట్రస్ ఆక్సైడ్ బరువుకూ అందులోని నత్రజని బరువుకూ ఉన్న నిష్పత్తి) గుణిస్తే 0.72 కిలోల నైట్రస్ ఆక్సైడ్. చాలామంది ఈ 44/28 మెట్టు మరిచిపోయి నత్రజని టన్నులను వాయువు టన్నులతో పోలుస్తారు, అప్పుడు ఒక దేశం మూడో వంతుకు పైగా మంచిదిగా కనబడుతుంది. ఇక కార్బన్ డయాక్సైడ్ సమానంలోకి మార్చే సంఖ్య (కిలో నైట్రస్ ఆక్సైడ్ ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడెక్కిస్తుందో చెప్పేది): ఐక్యరాజ్య సమితికి ఇచ్చే నివేదికల్లో 2014 వరకు 310, 2015 నుంచి 298, 2024 నుంచి 265. అదే యూరియా, అదే వాయువు, కానీ కార్బన్ డయాక్సైడ్ లెక్కలో 224 కిలోలు కాస్తా 192 అయ్యాయి. పొలంలో ఏమీ మారకుండానే 14 శాతానికి పైగా తేడా! దీన్ని "తగ్గింది" అని రాస్తే పాఠకుడికి అన్యాయం చేసినట్టే.

అందుకే 1990 అంకెను పాత నివేదిక నుంచీ 2022 అంకెను కొత్త నివేదిక నుంచీ తీయకండి. పద్ధతి మారినప్పుడల్లా 1990 నుంచి మొత్తం వరుసను తిరిగి లెక్కగడతారు. రెండు దేశాలకూ ఒకే ఏడాది సమర్పించిన నివేదికే తీసుకోండి. నేల మీద పడిన పశువుల మూత్రానికి న్యూజిలాండ్ డిఫాల్ట్ వాడదు, తన కొలతల మీద కట్టిన గుణకాలు వాడుతుంది. ఆ సంగతి వాక్యంలోనే చెప్పాలి, అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

ఇంకొకరు: "ఉద్గార తీవ్రత" అన్న మాటకూ ఇదే జాగ్రత్త. హెక్టారుకా, కిలో పాలకా, వేసిన కిలో నత్రజనికా? హెక్టారు లెక్కలో పెరిగిన దేశం కిలో పాల లెక్కలో తగ్గి ఉండవచ్చు. "తీవ్రత" అని వదిలేయకుండా "కిలో పాలకు ఇన్ని గ్రాములు" అనండి, వాక్యం పొడుగైనా ఫరవాలేదు.